చుట్టపు చూపు కాదు, కాపురం: అర్బన్ ఫాంటసీ అంటే ఏమిటి, గోదావరి డెల్టాకు అది ఎంత దగ్గర?

క్లుప్తంగా: అర్బన్ ఫాంటసీలో మాయ వేరే లోకంలో ఉండదు. మనం రోజూ తిరిగే వీధిలోనే ఇల్లు తీసుకుని కాపురం ఉంటుంది. తెలుగు సినిమాకు అలవాటైన సోషియో ఫాంటసీకీ దీనికీ అసలు తేడా ఇదే. పాశ్చాత్య రచనల్లో ఈ మాయ ఎక్కువగా జనం కంటపడకుండా దాక్కుంటుంది. గోదావరి డెల్టాలో దేవుళ్లకూ శక్తులకూ దాక్కునే అలవాటు లేదు కాబట్టి, ఇక్కడ ఈ తరహా కథ రహస్యం మీద కంటే సర్దుబాటు మీద నడవాల్సి ఉంటుంది.

2025 ఆగస్టు చివర్లో మలయాళ సినిమా ‘లోక’ విడుదలైంది. ‘కొత్త లోక’ పేరుతో తెలుగులోనూ ఆడింది. కేరళ జానపద కథల్లో అందరినీ భయపెట్టే యక్షి కళ్లియంకాట్టు నీలి ఆ సినిమాలో బెంగళూరు వచ్చి ఒక ఫ్లాటులో దిగుతుంది. రాత్రి డ్యూటీకి కేఫ్‌కు వెళ్తుంది. ఎదురింటి కుర్రాళ్లు ఆమె ఎవరా అని తొంగి చూస్తుంటారు. కాకినాడలోనో భీమవరంలోనో హాలు నుంచి బయటికొచ్చిన ప్రేక్షకుడికి ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. దీన్ని ఏ రకం సినిమా అనాలి? దెయ్యం సినిమా అందామంటే భయపెట్టడం దాని పని కాదు. సూపర్ హీరో సినిమా అందామంటే నాయనమ్మ చెప్పిన కథ వాసన వస్తోంది. సోషియో ఫాంటసీ అందామంటే యముడూ లేడు, ఇంద్రుడూ లేడు.

ఇంగ్లిషు పుస్తకాల షాపుల్లో ఈ తరహాకు చాలా ఏళ్లుగా ప్రత్యేకంగా ఒక అర ఉంది. దాని పేరే అర్బన్ ఫాంటసీ. తెలుగులో ఈ మాట ఈమధ్యే వినబడుతోంది. వాడకం మాత్రం ఎవరి ఇష్టం వారిదిగా ఉంది. మేడలు, కార్లు ఉన్న ఫాంటసీ అంతా అర్బన్ ఫాంటసీయే అనుకోవడం అందులో మొదటి పొరపాటు.

పేరు వెనక కథ

నగరంలో దెయ్యం అన్న ఆలోచన ఆ పేరు కంటే పాతది. అమెరికన్ రచయిత ఫ్రిట్జ్ లైబర్ 1941లోనే ‘స్మోక్ గోస్ట్’ అనే కథ రాశాడు. అందులో ఒక ఆఫీసు ఉద్యోగి సాయంత్రం రైల్లో ఇంటికి వెళ్తూ, కిటికీలోంచి కనిపించే మేడల కప్పుల మీద మసిపట్టిన మూటలాంటిదాన్ని చూస్తాడు. అది రోజురోజుకీ దగ్గరవుతుంది. పాడుబడ్డ కోటల్లో తిరిగే దెయ్యాల కాలం పోయింది, ఫ్యాక్టరీ పొగలోంచి ఈ కాలపు దెయ్యం పుడుతుంది అన్నది ఆ కథ పట్టుకున్న విషయం. తర్వాత వచ్చినవాళ్లంతా ఏదో ఒక రకంగా ఆ రైలు ఎక్కినవాళ్లే.

ఒక తరహాగా ఇది నిలదొక్కుకున్నది 1980లలో. కెనడాలో చార్లెస్ డి లింట్ ఒటావా నగరాన్ని వాడుకున్నాడు. 1987లో ఎమ్మా బుల్ రాసిన నవలలో మినియాపోలిస్ నగరంలోని ఒక రాక్ గాయని జానపద శక్తుల మధ్య యుద్ధంలో ఇరుక్కుంటుంది. అక్కడి పార్కులు, క్లబ్బులు, వీధులు పేర్లతో సహా కథలోకి వచ్చాయి. 1990లలో డిటెక్టివ్ నవల వచ్చి దీనితో వియ్యమందింది. దాంతో కథ చెప్పే మనిషి మారిపోయాడు. రాజకుమారుడి స్థానంలోకి ప్రైవేటు డిటెక్టివో, కానిస్టేబులో, రాత్రి డ్యూటీ నర్సో వచ్చి కూర్చున్నారు. ఈ పాత్రలన్నిటికీ ఒక పోలిక ఉంది. నగరంలో ఏ తలుపైనా కొట్టగలిగే ఉద్యోగాలు అవి. పెద్దమనుషుల డ్రాయింగ్ రూములోకీ, మురికివాడలోకీ ఒకే రోజు వెళ్లగలిగే మనిషి లేకుండా ఈ కథ కదలదు.

చుట్టం వేరు, కాపురమున్నవాళ్లు వేరు

తెలుగువాళ్లకు దేవలోకం భూలోకంలోకి దిగడం కొత్తేమీ కాదు. ‘యమగోల’ (1977), ‘యముడికి మొగుడు’ (1988), ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990), ‘యమలీల’ (1994), ఇలా ఆ వరసకు సోషియో ఫాంటసీ అని మనమే పేరు పెట్టుకున్నాం. అయితే ఈ సినిమాలను నడిపించే సూత్రం వేరు. వాటిలో పైలోకం ఒకటి విడిగా ఉంటుంది. అక్కడినుంచి ఎవరో వస్తారు. ట్రాఫిక్ చూసి, కూల్‌డ్రింక్ చూసి, మనుషుల తెలివి చూసి బిత్తరపోతారు. పని కాగానే వెళ్లిపోతారు. ‘యమలీల’లో యముడూ చిత్రగుప్తుడూ దిగేది పోగొట్టుకున్న పుస్తకం కోసం. ‘జగదేకవీరుడు’లో ఇంద్రజ ఇక్కడ చిక్కుకున్నది ఉంగరం పోగొట్టుకుని. కథ ముగిసేసరికి ఆమె ఇక్కడే ఉండిపోయినా, ఉండిపోయేది మనిషిగా. దేవకన్య దేవకన్యగానే ఇక్కడ రేషన్ కార్డు తీసుకోవడం ఆ తరహాలో కుదరదు.

అంటే సోషియో ఫాంటసీలో మాయది చుట్టపు చూపు. హారర్‌లో అయితే అది చుట్టం కూడా కాదు, గోడ దూకిన దొంగ. యండమూరి ‘తులసిదళం’ దారిలో నడిచిన క్షుద్ర నవలల్లో చెడు ఒక కుటుంబంలోకి చొరబడుతుంది, దాన్ని బయటికి తరమడంతో కథ ముగుస్తుంది. ఇక ‘పాతాళభైరవి’లోనూ, కాశీమజిలీ కథల్లోనూ మనం చూస్తున్నది మొదటినుంచీ వేరే లోకమే. అక్కడ రాక్షసుడు కనబడితే ఎవరూ పోలీసు స్టేషన్‌కు ఫోన్ చేయరు.

అర్బన్ ఫాంటసీలో మాయ కాపురం పెడుతుంది. కాపురం అన్నాక అద్దె కట్టాలి, ఇరుగుపొరుగుతో పడాలి, నీళ్లు ఏ వేళకు వస్తాయో తెలుసుకోవాలి. రష్యన్ రచయిత సెర్గేయ్ లుక్యానెంకో 1998లో రాసిన ‘నైట్ వాచ్’లో మాస్కోలోని వెలుగు శక్తులకూ చీకటి శక్తులకూ మధ్య ఒడంబడిక ఉంటుంది. ఒకరి మీద ఒకరికి కాపలా. రక్తం తాగేవాళ్లకు కూడా లైసెన్సు కావాలి. ఈ తరహా రుచంతా అలాంటి చోటే ఉంది. మహిమ ఎంత గొప్పదైనా దానికి ఒక ఫైలుంటుంది, ఎవరో ఒకరు సంతకం పెట్టాలి.

అర్బన్ అంటే మేడలు కాదు

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. హైదరాబాద్, విశాఖ అయితే సరే, గోదావరి డెల్టాలో నగరం ఎక్కడుంది? రాజమహేంద్రవరం, కాకినాడ ఉన్నాయి. వాటిని దాటితే భీమవరం, అమలాపురం, పాలకొల్లు, తణుకు వంటి పట్టణాలు. మిగతాదంతా వరి, కొబ్బరి, చేపల చెరువులు.

ఈ కథలకు నగరం ఎందుకు కావాల్సి వచ్చిందో చూస్తే జవాబు దొరుకుతుంది. ముక్కూమొహం తెలియని మనుషులు పక్కపక్కన బతకాలి. కరెంటు, నీళ్లు, రోడ్డు, రిజిస్ట్రేషన్ ఆఫీసు వంటి ఉమ్మడి ఏర్పాట్ల మీద అందరూ ఆధారపడాలి. రాత్రి పూట కూడా ఏదో ఒక పని నడుస్తూ ఉండాలి. పాత పేర్లు, పాత కట్టడాలు కొత్తవాటి కింద నలిగి ఉండాలి. ఎత్తైన భవనాలు వీటిలో దేనికీ తప్పనిసరి కాదు.

ఈ కొలతతో చూస్తే డెల్టా చాలామంది అనుకునేదానికంటే నగరానికి దగ్గర. రావులపాలెం నుంచి అమలాపురం దాకా బస్సులో వెళ్తే ఒక ఊరు ఎక్కడ ఆగి ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. పొలిమేర అన్నది బోర్డు మీద మాత్రమే మిగిలింది. తెలుగు దెయ్యం కథకు పొలిమేర ప్రాణం. ఊరు దాటితే చీకటి, చీకట్లో చింతచెట్టు, దూరంగా కొరివి దెయ్యం మంట. పొలిమేర పోయాక ఆ కథ ఎక్కడికి పోతుంది?

భీమవరం చుట్టుపక్కల తెల్లవారుజామున మూడింటికి రొయ్యల చెరువు గట్టు మీద నిలబడితే ఒక సమాధానం కనిపిస్తుంది. చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గిపోయేది ఆ వేళలోనే. రాత్రంతా సూర్యుడు లేడు కాబట్టి నీటిలోని నాచు ఆక్సిజన్ వదలదు, పీల్చుకోవడం మాత్రం అన్నీ పీల్చుకుంటాయి. అందుకే ఏరేటర్లు ఆగకుండా తిరుగుతుంటాయి. కరెంటు పోతే జనరేటర్ కోసం కాపలా మనిషి పరుగెత్తాలి. నిమిషాలు లెక్క. నల్లటి నీళ్లు, తెల్లటి నురగ, గట్టు మీద వరసగా బల్బులు, చేతిలో టార్చి, చెవికి ఫోను. పూర్వం ఊరంతా తలుపులు వేసుకుని దెయ్యాలకు వదిలేసిన వేళ ఇప్పుడు డెల్టాలో అందరికంటే టెన్షన్‌గా పనిచేసేవాళ్ల వేళ అయింది. కొరివి దెయ్యం ఇప్పుడు వస్తే తన వెలుగు ఆ బల్బుల్లో ఎవరికీ కనబడదు. దానికి ఇక్కడ ఉద్యోగం చూసుకోవడం తప్ప దారి లేదు. అర్బన్ ఫాంటసీ మొదటి పేజీ అదే.

పేర్ల సంగతి మరొకటి. 1996 నాటి ‘నెవర్‌వేర్’లో నీల్ గైమన్ లండన్ మెట్రో స్టేషన్ల పేర్లను ఉన్నదున్నట్టు అర్థం చేసుకున్నాడు. ఎర్ల్స్ కోర్ట్ అన్న స్టేషన్ పేరుకు తగ్గట్టు నిజంగానే ఒక ఎర్ల్, అంటే ఇంగ్లిషు ప్రభువు, మెట్రో రైల్లో కొలువు తీరుతాడు. రోజూ వినే పేరును ఒక్కసారి ఆగి వినేలా చేయడం ఈ తరహాలో పాత ఎత్తుగడే, ఇప్పటికీ పనిచేస్తుంది. ఆటోవాడు రోజుకు ఇరవైసార్లు అరిచే సర్పవరం జంక్షన్ పేరు అలా వింటే ఏమవుతుంది? అనంతుడు తపస్సు చేసిన చోటు అని అక్కడి స్థలపురాణం. రాజమహేంద్రవరంలో కోటిలింగాల రేవు ఉంది, దేవీచౌక్ ఉంది, పేరులో దానవుడు వినిపించే దానవాయిపేట ఉంది. బ్యారేజీ దగ్గర పిచ్చుకలంక ఉంది. కల్పించాల్సిన పని పెద్దగా లేదు.

టెడ్డింగ్టన్ లాకు, ధవళేశ్వరం ఆనకట్ట

డెల్టా పాఠకులకు ఈ తరహాలో అన్నిటికంటే దగ్గరగా అనిపించే పోలిక ఒక లండన్ నవలలో ఉంది. 2011లో బెన్ ఆరొనోవిచ్ రాసిన ‘రివర్స్ ఆఫ్ లండన్’లో ఒక కుర్ర కానిస్టేబుల్‌కు థేమ్స్ నది తాలూకు దేవతల మధ్య తగవు తీర్చే పని పడుతుంది. ఎగువన ఒక ముసలాయన, దిగువన నైజీరియా నుంచి వచ్చిన ఒకావిడ, వాళ్ల పిల్లలుగా ఉపనదులు. ఇద్దరి హద్దు టెడ్డింగ్టన్ లాకు. అది రచయిత ఊరికే ఎంచుకున్న చోటు కాదు. సముద్రపు పోటు ప్రభావం నిజంగానే అక్కడితో ఆగిపోతుంది. నది స్వభావం ఇంజనీరింగ్ చేతిలో ఎక్కడ మారిందో దేవతల హద్దు కూడా అక్కడే పడింది.

గోదావరికి అలాంటి చోటు ధవళేశ్వరం. ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని స్థానంలో తర్వాత కట్టిన ఇప్పటి బ్యారేజీకి నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లు. అక్కడిదాకా ఒక్కటిగా వచ్చిన నది కిందికి గౌతమి, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. రెండు పాయలకు ఋషుల పేర్లు, మూడోదానికి గరుత్మంతుడి పేరు. వాటి పక్కన తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు. వీటికి పురాణం పేర్లు పెట్టలేదు, నీటిపారుదల శాఖ పేర్లు పెట్టింది. దేవతల పేర్లూ డిపార్ట్‌మెంట్ పేర్లూ ఒకే నీటిని పంచుకున్న చోటు ఇది.

వరద రోజుల్లో ఈ కలయిక మాటల్లోనే వినిపిస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో ఉండేవాళ్లు ‘గోదారమ్మ శాంతించాలి’ అని మొక్కుతారు, అదే గుక్కలో ‘పదమూడు దాటిందట’ అంటారు. ఒకటి భక్తి, ఇంకొకటి సైన్సు అని వాళ్లకు విడదీసి చెప్పాల్సిన అవసరం కలగదు. నది మనసు ఎలా ఉందో పాయింట్ డెబ్భై అయిదు దాకా లెక్కగట్టి చెప్పే ఆఫీసు ఒకటి ఉండడమే ఈ తరహా రచయితకు దొరికే పెద్ద కానుక. ఎండాకాలంలో మరమ్మతులకని కాలువ కట్టేస్తారు. ఆ రోజుల్లో కాలువనే నమ్ముకున్న జలదేవత ఎక్కడికి వెళ్తుంది? పుట్టింటికా, బదిలీ మీదా? నవ్వులాటగా కనిపించే ఈ ప్రశ్న నుంచే ఈ తరహాలో ఒక నవల మొదలుపెట్టవచ్చు.

కాటన్ సంగతి చూస్తే ఇంకా ఆశ్చర్యం. ఆయన విగ్రహాలు డెల్టాలో ఊరూరా ఉన్నాయి. దండలు పడతాయి. గోదావరి స్నానం చేసేటప్పుడు ఆయన్ను భగీరథుడిగా తలుచుకునే సంస్కృత శ్లోకమే ఉంది. ఒక ఇంజనీరు పనిచేసి, రిటైరై, దేవుడి పక్కన పీట వేయించుకున్నాడు. కల్పనలో ఇలా రాస్తే అతిగా ఉందంటారు.

తెర ఎక్కడ వేయాలి?

ఇంతవరకూ పోలికలు కుదిరాయి. ఒకచోట మాత్రం గట్టిగా అడ్డం తిరుగుతుంది.

పాశ్చాత్య అర్బన్ ఫాంటసీలో ఎక్కువ భాగం ఒక తెర మీద ఆధారపడుతుంది. మాయ ఉంది, మామూలు జనానికి తెలియదు. తెలిసినవాళ్లు కొద్దిమందే. ఆ తెర చిరుగుతుందేమో అన్నదే ఉత్కంఠ. షికాగో మాంత్రికుడి కథలు రాసిన జిమ్ బుచర్ తన హీరో పేరును టెలిఫోన్ డైరెక్టరీలో మాంత్రికుల శీర్షిక కింద వేయించాడు. అయినా తెర చెక్కుచెదరలేదు, చదివినవాళ్లు నమ్మరు కాబట్టి. ఆ సమాజం దేవుణ్ని చర్చికీ, దెయ్యాన్ని అమ్మమ్మ కథలకూ పంపేసి చాలా కాలమైంది. దాచిపెట్టింది బయటపడితే అక్కడ నిజంగానే కలకలం.

డెల్టాలో అలా కాదు. సంక్రాంతి వెళ్లిన మర్నాడు, కనుమ నాడు, అంబాజీపేట మండలంలోని జగ్గన్నతోటకు వెళ్తే సంగతి అర్థమవుతుంది. అక్కడ గుడి లేదు, కొబ్బరితోట ఉంది. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద, అంటే దేవుణ్ని నిలిపి ఊరేగించే ఎత్తైన చట్రాల మీద, ఆ తోటకు చేరుకుంటారు. లోకక్షేమం గురించి మాట్లాడుకోవడానికట. మొసలపల్లి స్వామి ఆతిథ్యం, వ్యాఘ్రేశ్వరుడి అధ్యక్షత అని అక్కడివాళ్లు చెబుతారు. గంగలకుర్రు ప్రభలకు దారిలో ఎగువ కౌశిక కాలువ అడ్డం వస్తుంది. వంతెన సంగతి వదిలేసి, ఎత్తైన ప్రభను భుజాల మీద మోస్తూ జనం కాలువలోకే దిగుతారు. నీళ్లు నడుం దాటుతాయి, కొన్నిచోట్ల ఛాతీ దాకా వస్తాయి. రంగుల గుడ్డలు, నూలు కండెలు, గంటలతో ఉన్న ప్రభ ఒక పక్కకు ఒరిగిందంటే గట్టు మీద వేల గొంతులు ఒక్కసారిగా లేస్తాయి. కింద భుజం మార్చుకుంటారు, ప్రభ నిటారుగా నిలబడుతుంది, అవతలి గట్టు ఎక్కుతుంది. ఇంత ఎత్తున్న ప్రభ ఊళ్లోంచి రావాలంటే కరెంటు ఆపాలి, అడ్డొచ్చే తీగలు తప్పించాలి. దేవుడి దారి కోసం లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీలో నడిచింది ఈ ప్రభల తీర్థమే.

ఇక ఎవరి నుంచి ఏం దాచాలి? పదకొండు మంది దేవుళ్లు పట్టపగలు మీటింగు పెట్టుకుంటున్నారు. పోలీసు బందోబస్తుంది. అయినవిల్లి వినాయకుడి దగ్గర పూజ చేసిన పెన్నులు పరీక్షల ముందు పిల్లలకు పంచుతారు. పెద్ద గుళ్లకు దేవాదాయ శాఖ ఈవో ఉంటాడు, హుండీ లెక్క పేపర్లో వస్తుంది. అద్భుతం ఇక్కడ ఆఫీసు పని వేళల్లోనే జరుగుతుంది. లండన్ పద్ధతిలో ‘మీకు తెలియని రహస్య లోకం ఒకటుంది’ అని మొదలుపెడితే మురమళ్లలోనో ముక్తేశ్వరంలోనో పాఠకుడు ‘తెలియకపోవడమేంటండీ?’ అంటాడు.

ఇంగ్లిషులోనే దీనికి వేరే దారి చూపినవాళ్లు లేకపోలేదు. లారెల్ హామిల్టన్ 1993లో మొదలుపెట్టిన నవలల వరసలో రక్తపిశాచాలకు చట్టం హక్కులిచ్చేసింది. తెర తీసేశాక కథ కోర్టు, పోలీసు, వ్యాపారం వైపు మళ్లింది. డెల్టాకు దగ్గరగా వచ్చేది ఈ దారి. ఇక్కడ నాటకం దేవుడు ఉన్నాడా లేడా అన్న చోట పుట్టదు, ఏ దేవుడికి ఏ దారి వదలాలన్న చోట పుడుతుంది. బైపాస్ రోడ్డు వేయాలంటే పేరంటాలమ్మ గద్దె అడ్డం వస్తుంది. గద్దె జరపడానికి ఎవరి అనుమతి కావాలి, ఆర్డీవోదా, అమ్మవారిదా, ఆమెను ఇంటి ఆడపడుచుగా కొలిచే కుటుంబానిదా? మూడూ కావాలి. మూడింటికీ మూడు పద్ధతులు. మూడూ తెలిసిన మనిషే ఇక్కడి కథానాయకుడు. డిటెక్టివ్ అవసరం పెద్దగా లేదు, ఒక వీఆర్వో సరిపోతాడు.

యానాం ఉండనే ఉంది. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలన, ఇప్పుడు పుదుచ్చేరి కింద. డెల్టా మధ్యలో కొద్ది కిలోమీటర్లు నడిస్తే పోలీసు, చట్టం, మందు రేటు అన్నీ మారిపోయే ఊరు. శక్తులకు హద్దులు గీసుకునే ఈ తరహాకు ఇంతకంటే ఏం కావాలి?

అయితే తెర అన్నది డెల్టాలో బొత్తిగా లేదని కాదు. అది దేవుళ్ల మీద లేదు, మనుషుల మీద ఉంది. ఎవరి ఇంటి ముందు నిమ్మకాయలు పడ్డాయో, ఎవరు చిల్లంగి (చేతబడి) పెట్టించారని అనుకుంటున్నారో, ఏ ఇంట్లో ఏ ఆడమనిషి ఎలా పోతే పేరంటాలై పూజలందుకుంటోందో ఊరందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు. అందరికీ తెలిసీ ఎవరూ పలకని విషయం, కొందరికే తెలిసిన రహస్యం కంటే కథకు బరువైన సరుకు. తెలుగులో ఈ తరహా రాసేవాళ్లు వాంపైర్ల బదులు ఇక్కడ తవ్వితే లాభం.

ఎందుకు నచ్చుతుంది?

తెలిసిన చోటు తెలియనిదిగా మారడం మొదటి కారణం. డ్రాగన్లు తిరిగే రాజ్యాన్ని చదివి పుస్తకం మూసేస్తే ఆ రాజ్యం మూసుకుపోతుంది. హేవలాక్ వంతెన మీద ఏదో నడుస్తోందని చదివితే, మర్నాడు గోదావరి గట్టుకు వెళ్లినప్పుడు కన్ను అటే పోతుంది. 1900లో తెరుచుకుని 1997లో రైళ్లు ఆగిపోయిన వంతెన అది. పక్కనే రెండు వంతెనల మీద రైళ్లు పోతుంటాయి, ఇది మాత్రం ఊరికే నిలబడి ఉంటుంది. పని లేకుండా నిలబడిన పెద్ద కట్టడం ఎక్కడున్నా మనిషి మనసు దానికి ఏదో ఒక పని కల్పిస్తుంది.

రెండో కారణం నియమాలు. ఈ కథల్లో మాయకు ధర ఉంటుంది, షరతులుంటాయి, తెలివైనవాడు వాటిని చదివి బయటపడగలడు. ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిపోయిన పాఠకుడికి, నియమం తెలిస్తే గెలవగలిగే లోకం ఒక ఊరట.

ఆడవాళ్ల సంగతి కొంచెం విడిగా చూడాలి. ఈ తరహాలో ప్రధాన పాత్రలు, రచయితలు, పాఠకుల్లో స్త్రీలు ఎక్కువ. రాత్రి నగరంలో ఒంటరిగా తిరగడం అన్నది స్త్రీకి నిజ జీవితంలో ఎన్ని లెక్కలతో కూడిన పనో అందరికీ తెలుసు. ఆ రాత్రి తనది అయిన ఆడమనిషి కథ అందుకే పట్టుకుంటుంది. పాత కథలో యక్షి అయినా మోహిని అయినా దారిన పోయే మగవాడికి ఎదురయ్యే ప్రమాదం మాత్రమే. కొత్త కథ ఆమె వైపు నుంచి మొదలవుతుంది. ‘కొత్త లోక’ ఆడడానికి ఇది చిన్న కారణం కాదు.

డెల్టాకు మరో కారణం కలపాలి. చదువుకున్న కుర్రవాళ్లలో చాలామంది హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. వాళ్లకు సొంత ఊరు పండగకు వచ్చి చూసిపోయే చోటైంది. ఊళ్లో తాము చుట్టాలు, గ్రామదేవత మాత్రం కాపురముంది. ఆ తలకిందుల బంధం గురించి చెప్పడానికి మామూలు కుటుంబ కథ కంటే ఈ తరహాలో చోటు ఎక్కువ.

ఇబ్బంది ఎక్కడుంది

నమ్మకం చచ్చిపోయిన చోట మంత్రగత్తె పాత్ర రాయడం వేరు, బతికున్న చోట రాయడం వేరు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టడం, చంపడం తెలుగు రాష్ట్రాల్లో ఇంకా వార్తల్లో కనిపిస్తూనే ఉంది. అనుమానం తరచుగా పడేది ఒంటరివాళ్ల మీద, ముసలివాళ్ల మీద, బలం లేనివాళ్ల మీద. కథలో చిల్లంగి నిజమని చూపిస్తే, ఆ ‘నిజం’ పుస్తకంలోనే ఆగిపోతుందన్న హామీ లేదు. షికాగో మాంత్రికుడి కథలు రాసే రచయితకు లేని బాధ్యత ఇది.

కులం సంగతి మరింత సూక్ష్మం. తెలుగు తెర మీద మంచి మహిమ సాధారణంగా శాస్త్రం చదివిన పూజారి దగ్గర, చెడు మహిమ పుర్రె పట్టుకున్న క్షుద్ర మాంత్రికుడి దగ్గర ఉంటాయి. కల్లు సాకా, కోడి బలి అందుకునే గ్రామదేవతలు, పోతురాజులు ఏ కులాల చేతుల మీదుగా కొలుపులు అందుకుంటారో, ఆ కొలుపును భయపెట్టే సంగీతంతో చూపించడం వల్ల ఎవరి దేవత దెయ్యంగా మారుతోందో ఆలోచించాలి. అర్బన్ ఫాంటసీ అందరు దేవతలనూ ఒకే వీధిలో అద్దెకు దింపుతుంది కాబట్టి ఈ వరసను మార్చే అవకాశం దానికుంది. పాత బొమ్మనే కొత్త రంగుల్లో వేసే అవకాశమూ అంతే ఉంది.

ఇకముందు

ఒక సినిమా బాగా ఆడితే అదే అచ్చులో పది రావడం మన పరిశ్రమకు కొత్త కాదు. రాబోయేవాటిలో చాలావరకు హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద ఎగిరే వీరులు ఉండవచ్చు. పేరు అర్బన్ ఫాంటసీ అని పెట్టినా, సూత్రం సోషియో ఫాంటసీదో, సూపర్ హీరోదో అయి ఉంటుంది. గుర్తుపట్టడం కష్టం కాదు. కథలోని ఊరు పేరు తీసేసి ఇంకో ఊరు పేరు పెట్టినా ఏమీ చెడకపోతే అది ఈ తరహా కాదు. ఆన్‌లైన్ సీరియళ్లు, ఆడియో కథలు రాసేవాళ్లకు సెట్టింగుల ఖర్చు లేదు కాబట్టి, డెల్టా పట్టణాలు ముందు అక్కడ కనిపించే వీలుంది.

వాళ్లకు దగ్గర్లోనే ఒక సందర్భం ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు. బృహస్పతి సింహరాశిలోకి రాగానే పుష్కరుడు గోదావరిలో ప్రవేశిస్తాడని నమ్మకం. పన్నెండేళ్లకోసారి, ముహూర్తం ప్రకారం, పన్నెండు రోజులకు. ఆయన రాక కోసం ప్రభుత్వం ఘాట్లు కడుతుంది, రైల్వే ప్రత్యేక రైళ్లు వేస్తుంది. 2015లో మొదటి రోజే రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా చనిపోయారు. ఆ రేవు మీద ఏ కథ రాసినా వాళ్లను దాటుకుని రాయడం కుదరదు.

పుష్కరుడు, ఈ వ్యాసం మొదట్లో చెప్పిన లెక్కలో, చుట్టమే. వస్తాడు, వెళ్తాడు. ఆయన గురించి రాస్తే అది మళ్లీ సోషియో ఫాంటసీ అవుతుంది. అర్బన్ ఫాంటసీ రాసేవాళ్లు చూడాల్సింది కోటిలింగాల రేవులో ఎప్పటినుంచో ఉంటున్నవాళ్లను. చుట్టం వస్తున్నాడని ఇల్లు సర్దేదెవరు, ఆ పన్నెండు రోజులు ఎక్కడ తలదాచుకుంటారు, పదమూడో రోజు పొద్దున్నే మెట్ల మీది పూలూ పసుపూ గుడ్డపీలికలూ ఎత్తడానికి మున్సిపాలిటీ వాళ్ల పక్కన ఎవరు వంగుతారు?